ముందే టైపు చేసిన జవాబు

జూన్ 9, ఆదివారం

నాచారం ఫంక్షన్ హాల్లో మాజీ సైనికుల సమావేశం. సైనిక్‌పురి నుంచి వచ్చిన పెద్దమనిషికి పది నిమిషాలిస్తే, క్రమశిక్షణ గురించి యాభై నిమిషాలు మాట్లాడాడు. భోజనాల ముందు జనం డస్సిపోయారు. ఇలాంటప్పుడు నన్ను లేపడం ఆనవాయితీ. "ఉమాపతిగారూ, ఆ టైపు కథ చెప్పండి."

చెప్పాను. తొంభై నాలుగులో రాజస్థాన్‌లో మా యూనిట్. నేను హవల్దార్ క్లర్కుని. చిన్న నేరాలకి కర్నల్ తన ఆఫీసులోనే కోర్ట్ మార్షల్ పెట్టేవాడు. జడ్జీ ఆయనే, తీర్పూ ఆయనదే, అప్పీలుకి పోతే మొదట కనబడే మొహమూ ఆయనదే. ఒక శనివారం ఐదు కేసులు. ఆయనకి మధ్యాహ్నం పోలో మ్యాచ్. అందుకని నేను ముందురోజే కాగితాలన్నీ టైపు చేసి ఉంచాను: "నేరం ఒప్పుకుంటావా?" అన్న ప్రశ్న, "ఒప్పుకుంటాను" అన్న జవాబు, విచారణ ముగిసిన సమయం పదకొండూ పది. పెళ్ళికి ముందే బారసాల కార్డు అచ్చేయించినట్టు. తీరా కర్నల్ ఆలస్యంగా వచ్చి గడియారం చూస్తే పదకొండూ పది. "విచారణ అయిపోయిందా?" అన్నాడు. "కాగితం మీద అయిపోయింది సార్, ఇక జరగడమే తరువాయి" అన్నాను.

ఇక్కడ నవ్వుతారు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే నవ్వుతున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా లోపలికి నాలుగడుగులు వచ్చి విన్నాడు. నవ్వాడో లేదో చూడలేదు.

జూన్ 17, సోమవారం

ఆ వాచ్‌మనే నా వకీలు ఆఫీసుకి వచ్చాడు, కూతుర్ని వెంటబెట్టుకుని. మీసం చూసి గుర్తుపట్టాను. పేరు గండయ్య. ఉప్పల్ ఊరివాడే. వాళ్ళ నాన్న దున్నిన చెలక మీద ఇప్పుడు ఎవరివో ఐదంతస్తులు లేచాయి. ఇతను మిలిటరీలో డ్రైవరు. సెలవు దాటి ఇరవై రెండు రోజులు ఎక్కువ ఉన్నందుకు డిస్మిస్ చేశారు. తొంభై నాలుగు.

యూనిట్ పేరు చెప్పాడు. మాదే. అయితే ఏం, యూనిట్లో ఎనిమిది వందల మంది ఉండేవాళ్ళం.

కిడ్నీలు దెబ్బతిన్నాయి. మాజీ సైనికుల ఆసుపత్రి కార్డు కోసం కూతురు సరిత దరఖాస్తు పెడితే, "డిస్మిస్ అయినవాడికి అర్హత లేదు" అని తిరిగొచ్చింది. ఆ అమ్మాయికి సంగతి తెలియడం అదే మొదలు. హబ్సిగూడలో ఒక రక్తపరీక్షల సెంటర్లో కౌంటరు దగ్గర పని. మాట్లాడుతున్నంతసేపూ తండ్రిని "ఈయన" అంటోంది.

"ఈయన రిటైర్డ్ మిలిట్రీ అని నా పెండ్లి కార్డు మీద అచ్చేయించిన సార్. మా అత్తగారోళ్ళకు గట్లనే చెప్పుకున్న. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకోని చెప్పాలె?"

గండయ్య నేలచూపులు చూస్తూ ఒకే మాట అన్నాడు. "నన్ను అడగలే సాబ్."

ఏమిటి అడగలేదు అన్నాను. తప్పు ఒప్పుకుంటవా లేదా అని అడగలేదట. టోపీ తీయించారు, లోపలికి పిలిచారు, సజా చదివారు, బయటికి పంపారు. "కార్డు వస్తె వస్తది, రాకుంటె లేదు. నేను దొంగ నౌకరి జెయ్యలేదని నా బిడ్డకు తెల్వాలె."

ముప్పై ఏళ్ళ ఆలస్యం. సైనికుల కేసులు వినే ట్రిబ్యునల్ గుమ్మం కూడా ఎక్కనివ్వదు. అయినా వకాల్తా మీద సంతకం పెట్టించుకున్నాను. అతను నన్ను గుర్తుపట్టినట్టు లేదు. నాకూ అతను గుర్తు లేడు. ఇద్దరికీ సరిపోయింది.

జూన్ 20

రికార్డు ఆఫీసుకి రాశాను, ఆనాటి విచారణ కాగితాల నకలు కోసం.

జూలై 5, శుక్రవారం

ముసురు. రాసుకోవడానికి కేసేమీ లేదు కాబట్టి నా గురించే రాసుకుంటాను.

పదో తరగతి రెండోసారికి గట్టెక్కాను. తెనాలిలో టైపు నేర్చుకుని, ఆ వేళ్ళ బలంతోనే సైన్యంలో చేరాను. తుపాకీ పట్టింది తక్కువ, రిబ్బన్ మార్చింది ఎక్కువ. ఆఫీసులో చదవడానికి మిలిటరీ చట్టం తప్ప వేరే పుస్తకం లేదు. అదే చదివాను, ముందు నిద్ర రావడానికి, తరవాత నిద్ర పోగొట్టుకోవడానికి. రిటైరై నాచారం వచ్చాక సాయంత్రం కాలేజీలో లా చేశాను. నా పక్క బెంచీ కుర్రాళ్ళు నన్ను లెక్చరర్ అనుకుని లేచి నిలబడేవారు.

ఇరవై ఒక్క ఏళ్ళ ప్రాక్టీసు. సుబేదారుని మెస్ పళ్ళెంతో కొట్టిన వంటవాడు, జీపుని కాలవలోకి దింపి ఈదుకుంటూ వచ్చి సెల్యూట్ కొట్టిన డ్రైవరు, ఇలాంటివాళ్ళు ఎందరో. అందరి తరఫునా నేను గొంతు చించుకున్నది ఒక్క మాట మీదే: మనిషిని అడగకుండా శిక్ష వెయ్యకూడదు.

వాన తగ్గింది.

ఆగస్టు 2

కవరు వచ్చింది. కళ్ళజోడు కనబడలేదు.

ఆగస్టు 3

కళ్ళజోడు ఫ్రిజ్ మీద ఉంది. వేరే పనులున్నాయి.

ఆగస్టు 6, మంగళవారం

చదివాను. నాలుగు పేజీలు. ప్రతి ఇంగ్లీషు 'ఈ' అక్షరమూ వరసలోంచి కాస్త పైకి లేచి ఉంది, గుంపులో మునివేళ్ళ మీద నిలబడ్డ పొట్టివాడిలా. మా ఆఫీసు మెషీన్‌కి ఆ జబ్బు ఉండేది. ఆ మెషీన్ మీద సేలం నుంచి వచ్చిన క్లర్కొకడు కూడా కొట్టేవాడు. వాడివే అయ్యుండాలి.

ముగిసిన సమయం పదకొండూ పది.

ఆగస్టు 7

సేలం క్లర్కు కాదు. మూడో పేజీలో ఉంది.

"నిందితుడికి సహాయంగా ఉన్నవారు: హవల్దార్ క్లర్క్ వి. ఉమాపతి."

అలాంటి విచారణలో నిందితుడికి వకీలు ఉండడు. తోడుగా ఒక మనిషి కూర్చోవచ్చు. ఫ్రెండ్ ఆఫ్ ది అక్యూజ్డ్ అంటారు. నోరు విప్పి వాదించకూడదు గానీ, నేరం ఒప్పుకుంటే ఏమవుతుందో అతని చెవిలో చెప్పాలి. ఎవరూ దొరకనప్పుడు ఆ ఖాళీలో నేను నా పేరే కొట్టేసేవాణ్ణి. ఖాళీ ఉంటే కర్నల్‌కి నచ్చదు. ఎన్నింట్లో కొట్టానో.

"ఒప్పుకుంటాను" పక్కన గండయ్య సంతకం ఉంది. సంతకం ఉండాలని అప్పట్లో కొత్తగా రూలు. దాని కోసం ముందురోజు వరండాలో ఐదుగుర్నీ నిలబెట్టి, "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అన్నాను. ఏమిటివి అని ఎవరూ అడగలేదు. అడిగితే మామూలే అని చెప్పి ఉండేవాణ్ణి.

ఆగస్టు 11, ఆదివారం

ప్రశాంతంగా ఆలోచిస్తే:

కర్నల్ పోయాడు. ఆ రోజు గదిలో ఉన్న సుబేదారూ పోయాడు. సంతకం ఉంది. ఇరవై రెండు రోజులు రాని మాట నిజం. అడిగినా "ఒప్పుకుంటాను" అనే అనేవాడు, అందరూ అదే అనేవారు. అప్పట్లో అన్ని యూనిట్లలోనూ ఇదే పద్ధతి. నేను కాకపోతే సేలంవాడు కొట్టేవాడు. కాబట్టి కేసులో బలం లేదు. బలం లేదని క్లయింటుకి చెప్పడం వకీలు ధర్మం.

శ్యామల అన్నం పెడుతూ అంది: "పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. మీరు సణక్కుండా రెండోసారి వేయించుకున్నారు. ఏమైంది?" ఏమీ కాలేదన్నాను. నలభై రెండేళ్ళ కాపురంలో శ్యామలాదేవి ఎదుట ఇంత బలహీనమైన వాదన ఎప్పుడూ చెయ్యలేదు.

ఆగస్టు 19, సోమవారం

తండ్రీ కూతుళ్ళని పిలిచి చెప్పాను. ఆలస్యం కొండంత ఉంది, సంతకం ఉంది, దండగ.

సరిత లేవలేదు. ఇంకో దారేం లేదా సార్ అని అడిగింది. చట్టం ప్రకారం నిజమే చెప్పాను: రికార్డే మోసంతో తయారైందని తేలితే ఆలస్యం అడ్డురాదు, కానీ ఆ గదిలో ఉన్నవాళ్ళెవరైనా ప్రమాణం చేసి చెప్పాలి.

"ఉన్నోళ్ళు ఎవరన్న బతికున్నరా సార్?"

"లేరమ్మా."

గండయ్య తలెత్తి నా వైపు చూశాడు. నా వెనక గోడకి గడియారం ఉంది. దాన్ని చూశాడనుకుంటాను.

ఫైలు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "మీకాడనే ఉండనియ్యున్రి సాబ్" అని, కూతురి భుజం పట్టుకుని మెట్లు దిగాడు. దిగడం కష్టంగా ఉంది.

ఆగస్టు 20

వకీలు ధర్మం. పైన రాశాను కదా.

సెప్టెంబర్ 8

పక్క వీధిలో గణపతి మండపం దగ్గర టైపు కథ చెప్పమన్నారు. గొంతు బాగాలేదన్నాను. ప్రసాదం మాత్రం తిన్నాను, గొంతు బాగాలేనివాడు తినకూడనంత.

సెప్టెంబర్ 14, శనివారం

సరిత ఫోన్ చేసింది. డయాలసిస్ మొదలుపెట్టారట. "ఈయన మిమ్ములను ఒక్కపారి రమ్మంటున్నడు."

సర్కారు దవాఖానాకి పోయేసరికి పదిన్నర. యంత్రాల వార్డు. గండయ్య చేతినుంచి రెండు గొట్టాలు, ఒకదాంట్లో రక్తం పోతోంది, ఒకదాంట్లో వస్తోంది. మనిషి సగమయ్యాడు, మీసం అంతే ఉంది. సరితని మందుల చీటీ ఇచ్చి పంపేశాడు. నేను స్టూలు మీద కూర్చుని, ఆసుపత్రి క్యాంటీన్ ఇడ్లీ గురించి ఏదో మొదలుపెట్టాను. కంగారులో నాకు పిట్టకథలే వస్తాయి.

పూర్తికానిచ్చాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు.

"ఆ దినం వరండల సంతకాలు తీసుకున్నది మీరే గద సాబ్."

ఎప్పట్నించి తెలుసు అని అడిగాను. ఫంక్షన్ హాల్లోనట. మొదట గొంతు ఎక్కడో విన్నట్టు అనిపించి లోపలికొచ్చాడట.

"మీ ముచ్చటకు అందరు నవ్విన్రు. మస్తు చెప్తరు మీరు. నేను గూడ నవ్వేటోణ్ణే. పదకొండు పది అన్నరు సూడు, అప్పుడు యాదికొచ్చింది. ఆ టైముకు నేను టోపీ చేతుల పట్టుకోని తలుపు బయట నిలబడ్డ. అంతకు ముందు లోపట గడియారం పదకొండు కొట్టిన సప్పుడు గూడ ఇన్న. ఏం జెప్పాల్నా అని మనసుల జత చేస్కుంటున్న. అప్పటికే నా జవాబు మీరు రాసేసిన్రు."

మరి మొదటిరోజే ఎందుకు చెప్పలేదన్నాను.

"మీ నోటి నుంచి రావాలె అనుకున్న. రాలె."

యంత్రం ఒకటి బీప్ మంది. నర్సు వచ్చి మీట నొక్కి పోయింది. నేను ఏం చెయ్యను గండయ్యా అన్నాను. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో క్లయింటుని నేను అడిగిన ప్రశ్న కాదిది.

"కొత్తగ ఏం జెయ్యొద్దు సాబ్. అందరికి చెప్పే ముచ్చటనే, ఆడ గూడ చెప్పున్రి."

సెప్టెంబర్ 15

శ్యామలకి చెప్పాను, మొత్తం. చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. "ఆ కథకి ముప్పై ఏళ్ళుగా నేనూ నవ్వాను" అంది.

సెప్టెంబర్ 23, సోమవారం

హరిచందన ఆఫీసు హబ్సిగూడ మెట్రో స్టేషన్ ఎదురుగా, కోచింగ్ సెంటర్ పై అంతస్తులో. కింద రెండొందల మంది ఒకేసారి రసాయనశాస్త్రం వల్లెవేస్తుంటే, పైన ఆ పిల్ల న్యాయశాస్త్రం నడుపుతుంది. నా దగ్గరే నాలుగేళ్ళు జూనియర్‌గా చేసింది. సాక్షి వకీలుగా ఉండకూడదు కాబట్టి గండయ్య వకాల్తా ఆమెకి అప్పగించాను.

నా ప్రమాణపత్రం ఆమే రాసింది. తనకి నచ్చనిది ఏదైనా ఉంటే పెన్సిల్‌తో గీత గీసి ఊరుకునే అలవాటు. ఈసారి పెన్సిల్ పక్కన పెట్టింది.

"సార్, ఇది ఇస్తే బార్ కౌన్సిల్లో మీ మీద ఫిర్యాదు రావచ్చు. పేపర్లోనూ వస్తుంది."

రానీ అన్నాను.

"ఇంకోటి. ఆ శనివారం ఐదు కేసులన్నారు. మిగతా నలుగురి పేర్లు గుర్తున్నాయా?"

లేవు. అది మాత్రం వీరోచితంగా చెప్పలేకపోయాను. ఆరేళ్ళు ఆ కుర్చీలో ఉన్నాను. ఆరేళ్ళలో శనివారాలు ఎన్ని? రికార్డు ఆఫీసుకి రాద్దాం, ఒక్కొక్కరిదీ తీయిద్దాం అంది. రాద్దాం అన్నాను. కింద పిల్లలు ఏదో సూత్రాన్ని మూడోసారి అరిచారు.

ఇరవై రెండు రోజులు ఎందుకు రాలేదో గండయ్యని అడిగావా అన్నాను. అడిగిందట. "ఆ సాబే అడగాలె, అప్పుడు చెప్తా" అన్నాడట. మోసం తేలితే చాలు, కారణం ఇప్పుడు అవసరం లేదులే అని ఆమె ఒత్తిడి చెయ్యలేదు.

అప్పుడు తట్టింది. జూన్ నుంచి అతను నా క్లయింటు. నేనూ అడగలేదు.

నవంబర్ 12, మంగళవారం

ట్రిబ్యునల్ బెంచి మన ఊళ్ళో కూర్చుంది. నేను బోనులో నిలబడటం ఇదే మొదటిసారి. ఎత్తు తక్కువ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఇన్నేళ్ళూ అందులో ఎందర్ని నిలబెట్టి, సూటిగా చెప్పండి అని గదమాయించానో.

హరిచందన అడిగింది, నేను చెప్పాను. పోలో మ్యాచ్, ముందురోజు టైపు, వరండాలో సంతకాలు, ఖాళీలో నా పేరు, పదకొండూ పది. అవే మాటలు, అదే వరస. నవ్వే చోటు వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఫ్యాన్ల చప్పుడు వినబడింది. కథ అక్కడ ఎంత చిన్నదో నాకు ఇన్నాళ్ళూ తెలియదు, నవ్వులతో పొడుగయ్యేది.

ప్రభుత్వ వకీలు లేచి, ముప్పై ఏళ్ళు ఎందుకు ఊరుకున్నారని అడిగాడు. ఊరుకోలేదండీ, దొరికినవాళ్ళందరికీ చెప్పాను అన్నాను. బెంచి మీద ఇద్దరిలో ఒకాయన రిటైర్డు జనరల్. కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "జోకుగా చెప్పేవారా?" అన్నాడు.

"అవును సార్."

ఆయన రాసుకున్నాడు. తీర్పు తరవాత చెబుతామన్నారు.

వెనక బెంచీలో సరిత ఉంది. నేను బోను దిగి వస్తుంటే మొహం తిప్పుకుంది. నా మీద కోపమో, తండ్రి మీద కోపం పోయిందో, రెండూనో. గండయ్య రాలేకపోయాడు.

నవంబర్ 17, ఆదివారం

ఉప్పల్ పాత ఊళ్ళో, రెండు మేడల మధ్య ఇరుక్కున్న పెంకుటిల్లు. తలుపు పక్కన వాళ్ళమ్మ ఉప్పలమ్మ ఫోటో. పొద్దున్నే వెళ్ళాను. తీర్పు ఎటు పోతుందో తెలియదు, ఆలస్యం మాట వాళ్ళు ఇంకా వదల్లేదు అని చెప్పాను. కానియ్యున్రి అన్నాడు. తరవాత మంచం మీదనుంచి లేవబోయాడు. వద్దన్నా లేచాడు.

"ఇంగ అడగున్రి సాబ్."

సంచిలోంచి నకలు తీశాను. అభియోగం మొత్తం చదివాను. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. అతను మడమలు కలిపి, చేతులు తొడలకి ఆనించి నిలబడ్డాడు. వంటగది గుమ్మంలో సరిత, చేతిలో గిన్నె.

అక్కడ జరిగింది జరిగినట్టు కింద రాస్తున్నాను. ముందుగా ఏదీ రాసి పెట్టుకోలేదు.

ప్రశ్న: ఈ నేరం ఒప్పుకుంటావా, లేదా? ఒప్పుకుంటే నౌకరీ పోవచ్చు. ఆలోచించి చెప్పు.

జవాబు: ఒప్పుకుంట సాబ్. ఇరవై రెండు దినాలు పోలె. నిజమే.

ప్రశ్న: ఎందుకు పోలేదు?

(ఇక్కడ తలుపు పక్కన ఫోటో వైపు చూశాడు.)

జవాబు: మా అవ్వకు పక్షవాతం వచ్చింది. ఇంట్ల నేనొక్కణ్ణే. సెలవు పెంచమని ఉప్పల్ పోస్టాఫీసు నుంచి రెండు తార్లు గొట్టిన. జవాబు రాలె. అవ్వకు మాట పడిపోయింది గని, నేను లేస్తె నా అంగి పట్టుకునేది. ఎట్ల పోవాలె సాబ్? పద్దెనిమిదో దినం పోయింది. మూడు దినాలు జేసి రైలెక్కిన. మీసాలు తీసిన ముఖంతోనే మీ వరండల నిలబడ్డ. మీరు సూసిన్రు. అడుగుతరనుకున్న.

నిందితుడు ఇంకేమైనా చెప్పుకుంటాడా అని అడిగాను. ఫోటో వెనకనుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీయమన్నాడు. నాలుగు మడతల దగ్గరా చిరిగిన రెండు టెలిగ్రాం రసీదులు. అంకెలు చెరిగిపోయాయి, పోస్టాఫీసు ముద్ర గుండ్రం మిగిలింది. ఇన్నాళ్ళూ కూతురికైనా చూపించలేదేం అంటే, తప్పు జేసినోడు కాగితాలు జూపిస్తె సాకు లెక్కుంటది, అడిగినోడికి జూపిస్తె జవాబు లెక్కుంటది అన్నాడు.

సరిత గిన్నె కింద పెట్టి వచ్చింది. తండ్రి మోచెయ్యి పట్టుకుంది.

"నాయినా, ఇంగ కూసో."

కూర్చున్నాడు.

చట్టంలో ఒక రూలుంది. నేను చదివిన మొదటి పుస్తకంలోనే ఉంది, అప్పుడూ ఉంది. నేరం ఒప్పుకున్నాక మనిషి చెప్పే మాటల్ని బట్టి, అతను ఒప్పుకోవలసినది కాదని తేలితే, కోర్టు ఆ జవాబుని కొట్టేసి, ఒప్పుకోలేదని తానే రాసి, సాక్ష్యం వినాలి. నేను కోర్టుని కాను. గుమాస్తాని. అయినా నకలు మూడో పేజీ తీసి, ముప్పై ఏళ్ళ కింద నేను కొట్టిన మాట మీద గీత గీశాను. పక్కన చేత్తో రాశాను: "ఒప్పుకోలేదు." చదివి వినిపించాను. ఇది ట్రిబ్యునల్‌లో చెల్లదు అని కూడా చెప్పాను. గండయ్య కళ్ళజోడు అడిగి, రెండుసార్లు తనే చదువుకుని, అప్పుడు సంతకం పెట్టాడు.

సహాయంగా ఉన్నవారు: వి. ఉమాపతి.

ముగిసిన సమయం పదకొండూ నలభై ఏడు. గడియారం చూసి రాశాను.